నారింజ రంగు

పేగుపూతకు ఇచ్చిన మాత్రలతో తగ్గిన రక్తం ఈ పొద్దున విరేచనంలో మళ్లీ కనబడింది. పెయింటర్ గోళ్లలో రంగైనా కడుక్కోకుండా పరుగెత్తుకొచ్చి, డాక్టరమ్మ ఎదుట కూర్చున్నాడు.

“మాత్రలు వేసుకుంటున్నారా, బాబాయ్?”

“పూట తప్పడం లేదమ్మా.”

“మూత్రం రంగేమైనా మారిందా?”

అతని ముఖం కాస్త తేటపడింది. “మొదట్లో నారింజ రంగులో వచ్చేది. లివర్ పోయిందేమోనని నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఇప్పుడు మామూలుగానే ఉందమ్మా.”

డాక్టరమ్మ పెన్ను పక్కన పెట్టింది.

“ఆ రంగు మందుదే. వేసుకుంటున్నన్నాళ్లూ అలా వస్తుంది, భయం లేదు. ఇంతకీ మానేసి ఎన్నాళ్లయింది?”

అతను జేబులోంచి చింపని మాత్రల అట్ట తీసి బల్లమీద పెట్టాడు.

“పది రోజులమ్మా. ప్రాణం దక్కించుకుందామనే మానేశా.”