మూడో పిలుపు

కంపెనీల ఇంటర్నెట్ వద్దని గ్రేస్ తన ఊరు మోస్రాకు సొంత నెట్‌వర్క్ కడుతోంది. ఇంటికో వైర్‌లెస్ డబ్బా, పిలుపు ఒక డబ్బా నుంచి ఇంకో డబ్బాకు దూకుతుంది.

"రాత్రి మూడోసారి పిలిస్తెనే పలకాలె బిడ్డా. దయ్యం రెండుసార్లే పిలుస్తది," అంది పక్కింటి నర్సవ్వ. ఆ భయంతో, ఒక్కసారే వినిపించే డబ్బా పిలుపుకు ఊళ్లో ఎవరూ పలకడం లేదని, ప్రతి పిలుపునూ మూడుసార్లు వినిపించేలా డబ్బాలను మార్చింది గ్రేస్.

ఇప్పుడు చెరుకు తోట మధ్య, మోటరు గదిలో, చీకట్లో, చివరి డబ్బా బిగిస్తోంది.

"గ్రేసూ."

డబ్బాలోంచే. ఊళ్లో ఎవరి గొంతూ కాదు. చెరుకాకుల చప్పుడు ఆగిపోయింది.

"గ్రేసూ."

డబ్బా బ్యాటరీ ఇంకా ఆమె చేతిలోనే ఉంది.

"గ్రేసూ."

'మూడోసారి ఎవలు పిలిచినా పలకాలె' అని ఊరందరికీ చెప్పింది తనే. గ్రేస్ డబ్బా దగ్గరికి వంగింది.

"చెప్పు, ఇంటున్న."