చెవిపూస తీసి విన్న మాట

విశాఖలో ఇప్పుడు అందరి చెవుల్లోనూ పూసలున్నాయి. ఎవరు ఏ భాషలో మాట్లాడినా ఆ మాటల సారం పిండి సొంత భాషలో వినిపిస్తాయి. వృద్ధాశ్రమంలో హ్యారిస్ దొరను కనిపెట్టుకుని ఉండే పైడితల్లికి మాత్రం ఓ అనుమానం పట్టుకుంది. దొర రోజుకో రకంగా ఏదో అని నవ్వుతాడు. పూస మాత్రం ప్రతిసారీ "నేను త్వరలో చనిపోతాను" అనే చెబుతుంది. చావు మాటకి అంత నవ్వేమిటి?

ఓ ఉదయం జావ తాగిస్తూ ఉండబట్టలేక అడిగేసింది.

"ఈ పూసలు తీసేద్దాం బాబూ. మీరన్న మాట ఉన్నదున్నట్టు ఇనాలి."

ఇద్దరూ తీసేశారు. "పుషింగ్ అప్ డైసీస్," అన్నాడు దొర. పైడితల్లి తెల్లమొహం వేసింది. దొర దుప్పటి ముసుగేసుకుని, లోపల్నుంచి వేళ్లతో దాన్ని పైకి తోసి, ముసుగు తీసి కిటికీలోని బంతిపూల కుండీ వైపు తలాడించాడు.

"ఓలమ్మో, మట్టికింద పడుకుని పువ్వుల్ని పైకి తోస్తారేటి!"

ఇద్దరూ పడీపడీ నవ్వారు. జావ ఒలికింది.

వానాకాలంలో దొర పోయాడు. పైడితల్లి లండన్‌లోని ఆయన చెల్లెలికి ఫోన్ చేసి కబురు చెప్పింది. అటునుంచి ఏడుపు ఆగడం లేదు.

"అమ్మా, బాబుగారి మాటొకటుంది. ఓపాలి మీ పూస తీసేసి ఇనండి."

కాస్త ఆగి, దొర పలికినట్టే పలికింది.

"పుషింగ్ అప్ డైసీస్."

ఏడుపు మధ్యలోంచి, అచ్చం దొర నవ్వులాంటి నవ్వొకటి వచ్చింది.