కుళాయి బాగయ్యేదాకా

“ఇది కూడా కాదు,” అంటూ బ్రైనా లిఫ్షిట్స్ రికార్డును కౌంటర్ మీద పెట్టింది.

రికార్డుల కొట్టు ప్లాట్కిన్ అట్టమీది బొమ్మ చూశాడు. చీపురు పట్టుకున్న ఇల్లాలు, గుమ్మంలో బూట్లు విప్పుతున్న మృత్యుదూత. బ్రాంక్స్‌లో యూదుల ఇళ్ళన్నిటా రెండేళ్ళుగా మోగుతున్న హాస్యనాటికల రికార్డు అది. ఈ వారంలో ఆవిడ వెనక్కి తెచ్చిన మూడో ప్రతి.

“అదే బొమ్మ, అవే నాటికలు. ఇంకేం కావాలమ్మా?”

“మా ఇంట్లో ఉండేది ఇది కాదు.”

“అదేమైంది?”

“పోయిన ఏప్రిల్లో మా మరిది దానిమీద కూర్చున్నాడు. ఇంటినిండా జనం. వచ్చినవాళ్ళందరూ ఉడకబెట్టిన గుడ్లు పట్టుకొచ్చారు. గిన్నెలు పెట్టడానికే చోటు లేదు, మనుషులకెక్కడిది?”

ఏప్రిల్, చుట్టాలు, గుడ్లు. ప్లాట్కిన్ తల ఊపాడు. “పస్కా పండగంటే మా ఇంట్లోనూ అంతే. మా బావ వచ్చాడంటే ఒక కుర్చీ విరగాల్సిందే.”

ఆవిడ రికార్డును అతనివైపు తోసింది.

“ఇంతకీ రికార్డు మీదా, మీవారిదా?”

“మా ఫైవెల్‌ది. నాకు హాస్యం పట్టదు.”

“అయితే పేచీ ఆయనదన్నమాట. మూడు రికార్డులు తిప్పికొట్టాడు. ఏమంటాడు?”

“ఏమీ అనడు.”

“నోరు విప్పకుండానే మిమ్మల్ని మెట్రో ఎక్కించి ఇన్నిసార్లు తిప్పుతున్నాడా? గట్టివాడే.”

“తొందర మనిషి,” అంది బ్రైనా. కోటు గుండీలు ఒకసారి తడుముకుంది. ఆ కోటు ఫైవెల్ కుట్టిందే. “సూప్ చల్లారనివ్వడు, నోరు కాల్చుకుంటాడు. బస్సు ఆగనివ్వడు, కాలు కిందపెడతాడు. మా పెళ్ళిలో రబ్బీగారు దీవెన పూర్తిచేయకుండానే, చివర్లో తొక్కాల్సిన గ్లాసు తొక్కి పగలగొట్టేశాడు. నలభై రెండేళ్ళు ‘ఆగు, ఆగు’ అనడమే నా పని.”

“మా ఆవిడ పని ‘కదులు, కదులు’ అనడం. ఆయన్ని ఆవిడకిచ్చి చేసుంటే ఇద్దరూ సుఖపడేవాళ్ళు.”

బ్రైనా నవ్వలేదు. “బుధవారం సాయంత్రానికి కావాలి నాయనా. ఏడాదిగా కొట్లన్నీ తిరిగాను. అందరూ ఈ కొత్తదే ఇస్తున్నారు.”

చేతిరుమాలు కోసం ఆవిడ సంచి తెరిచింది. లోపల గాజుగ్లాసులో పోసిన కొవ్వొత్తి కనిపించింది. పోయినవాళ్ళ తిథికి రాత్రీ పగలూ వెలిగేది. ఆ వయసువాళ్ళ సంచుల్లో అది మామూలే. ఎవరికైనా పోయిన అమ్మో నాన్నో ఉంటారు. ప్లాట్కిన్ చూపు తిప్పుకున్నాడు.

“పాతవాటిలో ఏదో లోపముందటమ్మా. అందుకే కంపెనీవాళ్ళు సరిచేసి కొత్తగా ముద్రించారు. అసలు ఈ రికార్డు తీసినప్పుడే ఊళ్ళోవాళ్ళని నలభైమందిని పిలిచి, కేకు పెట్టి, కూర్చోబెట్టి వాళ్ళముందు ఆడారట. అలాచేస్తే లోపాలు రాక ఏమవుతాయి?”

“కేకు కాదు. ఉప్పుచేప, రొట్టె.”

“ఏదో ఒకటి. మొత్తానికి పాతవి వెనక్కి పంపమన్నారు. కరిగించేస్తారట.”

ఆవిడ చేయి కౌంటర్ అంచును పట్టుకుంది. “పంపేశావా?”

“మధ్యాహ్నం లారీ వస్తుంది. పెట్టె కట్టేసి ఉంచాను.”

“విప్పు నాయనా.”

“లోపమున్నది ఇచ్చానని తెలిస్తే కంపెనీ నన్ను బతకనిస్తుందా? మీవారికి నేను చెప్పినట్టు చెప్పండి, కొత్తదే మంచిదని.”

“ఆయనకి చెప్పే వీల్లేదు. విప్పు.”

ప్లాట్కిన్ గొణుక్కుంటూ లోపలికి వెళ్ళాడు. తాడు కోసి, పెట్టె అడుగునుంచి ఒకటి లాగి, దుమ్ము తుడిచి, గ్రామఫోను ఉన్న గాజుగదిలోకి ఆవిణ్ణి పంపాడు. లోపమేమిటో తనూ విందామని గుమ్మంలో నిలబడ్డాడు.

బ్రైనా వెతుక్కోకుండానే ముల్లును కుళాయి నాటిక మీద పెట్టింది.

ఆ నాటిక ప్లాట్కిన్‌కి నోటికొచ్చు. మృత్యుదూత మొగుడి కోసం వస్తాడు. “బూట్లు విప్పు, ఇప్పుడే తుడిచాను,” అంటుంది ఇల్లాలు. “ఆరేళ్ళనుంచి కుళాయి కారుతోంది. అది బాగుచేసేదాకా ఆయన్ని పంపేది లేదు.” వేచి వేచి విసిగిపోయి, చివరికి దూతే చొక్కా చేతులు మడుచుకుని కుళాయి బాగుచేస్తాడు. అప్పుడావిడ, “ఇంక ఆయనతో నాకేం పని, తీసుకుపో,” అంటుంది. జనం విరగబడి నవ్వేది అక్కడ.

కుళాయి కారడం ఆగింది. ఇల్లాలు ఇంకా నోరు తెరవలేదు. జనమంతా ఊపిరి బిగబట్టి ఉండగా, ఒకే ఒక్క మగగొంతు బొంగురుగా, పెద్దగా నవ్వేసింది.

“ఇదేనమ్మా లోపం,” అన్నాడు ప్లాట్కిన్. “అసలు మాట రాకముందే నవ్వి మొత్తం పాడుచేశాడు. కొత్తదాంట్లో కత్తిరించేసింది వీణ్ణే.”

బ్రైనా ముల్లు ఎత్తి వెనక్కి పెట్టింది. ఆ నవ్వు మళ్ళీ వచ్చింది. మూడోసారి కూడా పెట్టింది. ఉడకబెట్టిన గుడ్లు పస్కాకే కాదు, చావింటికీ పట్టుకెళ్తారని ప్లాట్కిన్‌కి అప్పుడు గుర్తొచ్చింది.

“ఇంకాస్త ఆగాల్సింది, ఫైవెల్,” అంది, రికార్డులోని ఆ నవ్వుతో.