నాలుగో పెడల్

"ఇది గూడ బుసకొడ్తంది ఆసిఫ్," అన్నాడు జగదీశ్వర్, గిటారు తీగల మీద అరచెయ్యి ఆనించి.

గిటారుకు తగిలిస్తే గట్టి మోతను అణచి, సన్న మోతను పైకి లేపే కంప్రెసర్ పెడల్ కోసం గోదావరిఖనిలోని ఆసిఫ్ వాద్యాల దుకాణానికి వచ్చాడతను. సన్న మోతతో పాటు బుస కూడా లేస్తోందని ఇప్పటికే మూడింటిని వద్దన్నాడు. ఈ నాలుగోదాన్ని ఆసిఫ్ హైదరాబాద్ నుంచి తెప్పించాడు.

"దీంట్ల బుస ఎక్కడిదన్నా? నాకైతే ఇనవడ్తలేదు."

"లారీల మోతల నీకేం ఇనవడ్తది? సుయ్యిమని సన్నగ వస్తంది, చెవి పెట్టు."

ఆసిఫ్ షట్టర్ దించాడు. పెడల్ తీసేసి గిటారును నేరుగా యాంప్‌కి కలిపాడు. "ఇప్పుడు?"

"వస్తంది."

యాంప్ ఆపేశాడు. ప్లగ్గు కూడా పీకి, ఆ వైరు తెచ్చి జగదీశ్వర్ చేతిలో పెట్టాడు. "ఇప్పుడన్నా?"

"వస్తనే ఉంది." జగదీశ్వర్ వైరును కింద పెట్టాడు. "ఎవ్వలకు చెప్పకు. తెలిస్తే ఈ డ్యూటీల ఉంచరు," అన్నాడు.

బొగ్గుబాయిలో అతను సర్దార్. మనుషులు లోపలికి పోయే ముందు పైకప్పును కర్రతో కొట్టి వినాలి. గట్టిగా మోగితే పని మొదలు. డొల్లగా మోగితే అందరూ వెనక్కి రావాలి. అతను చెయ్యి ఊపేదాకా ఎవరూ అడుగు వెయ్యరు.

"రేపు ఏ షిఫ్టు?"

"మొదటిది."

ఆసిఫ్ షట్టర్ ఎత్తలేదు.

"మా తమ్ముడు గూడ నీ ఎనకనే నిలబడ్తడు గదన్నా."