సన్మానం పద్దు

హుండీ డబ్బాలో పదకొండు రూపాయలు, మెడలో బంతిపూల దండ, భుజాల మీద మెరూన్ రంగు శాలువా. ఎల్.బి.నగర్‌లో మొదటి కాలనీ సభ ముగిసేసరికి భానుమూర్తి దగ్గరున్నది ఇంతే. ఆ పదకొండైనా దారిలో లారీ డ్రైవర్లు వేసినవి.

"శాలువ కప్పుడయింది, దండ ఏసుడయింది. ఇగ సందా సంగతి చెప్పుండ్రి" అంటూ రెబెక్క డబ్బాను కాలనీ అధ్యక్షుడు జనార్ధన్ ముందుకు చాపింది.

చౌరస్తాలో రెబెక్కది కోడిగుడ్ల దుకాణం. క్షయ రోగుల మందుల కోసం ఒకాయన బందరు సముద్రం నుంచి బొంబాయి సముద్రం దాకా నడుస్తున్నాడని ఆ పొద్దున పేపర్లో చదివి, దుకాణం మూసి, డబ్బా పట్టుకుని వెంట బయల్దేరింది. ఆదివారం బేరం పోగొట్టుకుని వచ్చిన మనిషి. దానికి తగ్గ ఫలితం కనబడాలి కదా.

జనార్ధన్ చేతులు జోడించాడు. "సొసైటీ పైసలు సందాకు ఇయ్యరాదమ్మా. ఇయ్యాలంటే జనరల్ బాడీ గూడాలె. సన్మానమంటే బడ్జెట్ల ఉన్నది, శాలువకు యాభై రూపాయలు. నాకు బట్టల దుకాణం ఉన్నది గాబట్టి ఇంత జల్ది దొరికింది. ఇయ్యాల బజారంత బంద్."

"అది కాదండీ" అన్నాడు భానుమూర్తి. "సాయంత్రం ఐదింటికి మా కాంపౌండర్ బాపిరాజు దిల్‌సుఖ్‌నగర్ బస్టాండులో నాకోసం చూస్తుంటాడు. రెండొందలు చేతిలో పెడితే రేపు కోఠీలో సూదిమందు కొనుక్కుని బందరు వెళ్తాడు. నలుగురికి వైద్యం సగంలో ఉంది. ఇప్పుడు ఆగిందంటే మళ్ళీ మొదటికొస్తుంది."

"అయ్యో పాపం!" జనార్ధన్ నిజంగానే నొచ్చుకున్నాడు. జనం వైపు తిరిగి, "అందరు గట్టిగ చప్పట్లు కొట్టుండ్రి" అన్నాడు.

రోడ్డెక్కాక రెబెక్క శాలువా అంచును రెండు వేళ్ళ మధ్య నలిపి చూసింది. "ముప్ఫైకి పైస ఎక్కువ చెయ్యదు. యాభై రాసుకుంటడు. దుకాణం ఆయనదేనాయె! సారూ, మీ పేషెంట్లకు దీన్ని సూదిల ఎక్కిస్తరా?"

భానుమూర్తి శాలువా తీసి, నాలుగు మడతలు పెట్టి, చేతి సంచిలో దాచాడు.

కొత్తపేట వైపు రెండో కాలనీలో టెంటు వేశారు, మైకు పెట్టారు. కార్యదర్శి సుందరయ్య మాత్రం చెమటలు కక్కుతూ అటూ ఇటూ తిరుగుతున్నాడు. భానుమూర్తి ఆయన్ని భుజం మీద చెయ్యి వేసి టెంటు వెనక్కి తీసుకెళ్ళాడు. నలుగురిలో అడిగితే ఇవ్వరని చాటుగా అడుగుతున్నాడు కాబోలు అనుకుంది రెబెక్క. సుందరయ్య నవ్వుమొహంతో తిరిగొచ్చేసరికి ఆమెకు ఆశ పుట్టింది.

దండ వేశారు. శాలువా కప్పారు. డబ్బా చాపితే సుందరయ్య వెనక్కి జరిగాడు. "జనరల్ బాడీల తీర్మానం గావాలె గదమ్మా."

"చెవుల చెప్పినా ఇయ్యలేదా సారూ?" అంది రెబెక్క రోడ్డు మీద.

"వాళ్ళ రూల్సు వాళ్ళవి కదమ్మా."

"రూల్సట! ఇండ్లకు గోడలు లేవలేదు గని రూల్సు లేసినయ్."

మూడో కాలనీలో అధ్యక్షుడు మురుగు కాలవ గురించి అరగంట, బస్సు స్టాపు గురించి పావుగంట మాట్లాడాడు. క్షయ అన్న మాట చివర్లో ఒక్కసారి వచ్చింది. నాలుగో చోట ఫోటోవాడు రాలేదని ఎండలో కూర్చోబెట్టారు. చైతన్యపురిలో భానుమూర్తి బొబ్బలెక్కిన కాళ్ళు చూసి ఒక పెద్దాయన కళ్ళు తుడుచుకున్నాడు, డబ్బాలో రూపాయి బిళ్ళ వేశాడు. అన్ని చోట్లా సభకు ముందు రెండు నిమిషాలు చాటు మాటలు, సభలో శాలువా, సభ అయ్యాక జనరల్ బాడీ.

రెబెక్కకు ఒళ్ళు మండిపోయింది. "అందరు ఒక్క తీరుగనే ఉన్నరు. శాలువలు గూడ ఒక్క తీరుగనే! ఆ సంచి ఇటియ్యుండ్రి సారూ, ఐదు శాలువలు మోసుకుంట ఎట్ల నడుస్తరు?"

"వద్దమ్మా, బరువేం లేదు."

దిల్‌సుఖ్‌నగర్ బస్టాండులో బాపిరాజు బల్ల మీంచి లేచి ఎదురొచ్చాడు. ఆయన మొహం చూడలేక రెబెక్క డబ్బాను బల్ల మీద బోర్లించింది. పదకొండు రూపాయలు, ఆ మీద పెద్దాయన రూపాయి.

"పొద్దుగాల నుంచి నడిస్తే పన్నెండు రూపాయలు! నా గుడ్ల బేరమే నయముండె" అంది. తర్వాత కొంగు ముడి విప్పింది. "సారూ, ఆ శాలువలు నాకే అమ్ముండ్రి. ఐదు ముప్ఫైలు నూటయాభై. ఇంకో యాభై నేనేస్త. ఆ నలుగురి సూదిమందు ఆగొద్దు."

భానుమూర్తి ఆమె చేతిని మెల్లగా వెనక్కి తోసి, లోపలి జేబులోంచి నాలుగు యాభై రూపాయల నోట్లు తీసి బాపిరాజు చేతిలో పెట్టాడు.

రెబెక్క నోరు తెరిచింది. "గివి ఏడికెల్లి వచ్చినయ్?"

ఆయన సంచి తెరిచి చూపించాడు. లోపల నాలుగు మడతల మెరూన్ శాలువా ఒక్కటే ఉంది.

"మొదటి కాలనీ వాళ్ళు ఊరికే ఇచ్చారు. తర్వాత నాలుగు కాలనీలకూ యాభై చొప్పున దీన్నే అమ్మాను. ఇదుగో, నలగకుండా పట్టుకోండమ్మా, ఆరింటికి మలక్‌పేటలో సభ ఉంది."