పక్క సీటు కవరు

"ఈవిడని ఇంకో సీటుకి మార్చండి కండక్టర్ గారూ, కడుపులో తిప్పేస్తోంది!" ముక్కు మూసుకుని అరిచాడు ప్రయాణికుడు.

పక్కనున్న పెద్దావిడ శాలువా పుల్లటి కంపు కొడుతోంది. బస్సు కొండెక్కడం మొదలైనప్పటినుంచీ ఆమె ఒళ్లో ప్లాస్టిక్ కవరు తెరిచి పట్టుకునే కూర్చుంది. ఎప్పుడు కక్కుతుందోనని అతనికి ఒళ్లంతా జెర్రులు పాకుతున్నట్టుంది.

"సీట్లన్నీ నిండిపోయాయి సార్. మీకూ కవరిస్తే వద్దన్నారుగా?"

"నేనేమన్నా పసిపిల్లాణ్ణా?"

డైరీ తీసి కసిగా రాసుకున్నాడు: 'మబ్బుల్లో ఊరు. జనానికి మాత్రం శుచీ శుభ్రం లేవు.'

ఇంకో రెండు మలుపులు తిరిగేసరికి అతని కళ్లు బైర్లు కమ్మాయి. పొద్దున తిన్నదంతా గొంతులోకి తన్నుకొచ్చింది. పెద్దావిడ చటుక్కున కవరు అతని గడ్డం కింద పెట్టి, రెండో చేత్తో నుదురు పట్టుకుంది.

అంతా అయ్యాక అతను గొణిగాడు. "మరి మీకో?"

"నాకెందుకు నాయనా? నేను పుట్టిందే ఆ పైన. కింది నుంచి వచ్చేవాళ్ల పక్కన మేమిలాగే కూర్చుంటాం."

ఆమె శాలువాని అతనికి దూరంగా జరుపుకుంది.

"మొన్న ఒకాయనకి పట్టిన కవరుకి చిల్లుంది. ఇక శాలువానే పట్టాను. రెండుసార్లు ఉతికినా కంపు పోలేదు, ఏమీ అనుకోకు."