సెలవు రోజు చప్పుడు

ఆ రోజు ఇంట్లో ఉన్నది అత్తగారు, కోడలు, ఉయ్యాల్లో పసిది, ఓ కుట్టుమిషను.

కొడుకు లేడు. ఊరందరికీ సెలవొస్తే ఆసుపత్రి వంటింట్లో అతనికి రెండు డ్యూటీలు.

పరాయి దేశంలో సెలవంటే ఏమిటో వాళ్ళకి వచ్చిన ఏడాదే తెలిసొచ్చింది. దుకాణాలన్నీ మూత. బస్సు ఎప్పుడో ఒకటి. ముందురోజే పాలు కొనిపెట్టుకోకపోతే పసిదాని ఏడుపే గతి. అన్నిటికన్నా ముఖ్యం, చప్పుడు చెయ్యకూడదు. గోడకి మేకు కొట్టినా నేరమే.

పోయిన సెలవుకి కోడలు మిషను తొక్కితే ఎవరో ఫిర్యాదు చేశారు. ఇంకోసారి ఫిర్యాదొస్తే ఇల్లు ఖాళీ చెయ్యాల్సిందేనని ఇంటాయన తేల్చేశాడు.

అయినా కోడలు పొద్దున్నే మిషను ముందు కూర్చుంది. ఆసుపత్రి కర్టెన్లు రేపటికల్లా ఇవ్వాలి. ఈ దేశంలో ఆమె చేతికందిన మొదటి పని అది.

"ఒక్కరోజు ఆగితే కొంప మునుగుతుందా?" అంది అత్తగారు.

"ఆగితే పని పోతుంది. ఆగకపోతే ఇల్లు పోతుంది. ఎలాగూ ఏదో ఒకటి పోయేప్పుడు కుట్టే పోగొట్టుకుందాం అత్తయ్యా."

"నీ నోరుందే..."

"దానికీ సెలవిమ్మంటారా?"

అత్తగారు నవ్వు ఆపుకుంటూ పసిదాన్ని ఎత్తుకుంది.

ఒక కర్టెన్ అయ్యిందో లేదో, తలుపు దబదబా మోగింది.

అదే అంతస్తులో ఎదురింటి పెద్దావిడ. ఎప్పుడు చూసినా మొహం గంటు పెట్టుకునే ఉంటుంది కాబట్టి వీళ్ళింట్లో ఆవిడ పేరు 'గంటు మొహం'. ఆ ఫిర్యాదు ఆవిడ పనేనని ఇంటిల్లిపాదికీ గట్టి నమ్మకం. మంచితనమంటే కింది వాటా పెద్దమనిషిని చూడాలి, ఎదురుపడితే చాలు, పసిదాని బుగ్గ పుణక్కుండా వదలడు.

ఆవిడ గడగడా ఏదో చెప్పింది. కిటికీ వైపు చూపించింది. కిందికి చూపించింది. ఇక్కడి భాష కోడలికి అంతంతమాత్రం. 'కిటికీ' ఒక్కటే అర్థమైంది.

"నా ఇల్లు, నా మిషను, నా కిటికీ. ఆపను. ఏం చేసుకుంటారో చేసుకోండి!"

అచ్చ తెలుగులో అనేసి తలుపేసింది.

అంతటితో ఊరుకుందా! మూసున్న రెండో కిటికీ కూడా బార్లా తెరిచింది.

"వినండి, అందరూ తీరిగ్గా వినండి" అంటూ మిషను తొక్కింది.

ఆఖరి కర్టెన్ అంచు మడుస్తుంటే మళ్ళీ తలుపు.

ఈసారి ఇద్దరు పోలీసులు. వాళ్ళ వెనకాల కింది వాటా పెద్దమనిషి.

"ఈ ఇల్లే. పోయినసారీ నేనే చెప్పాను" అన్నాడు, బుగ్గలు పుణికే ఆ మనిషే.

కోడలు పసిదాని బుగ్గకేసి చూసి, ఆ మనిషికేసి చూసింది.

పెద్ద పోలీసు చెయ్యి చాపాడు. పరాయి దేశస్తులకిచ్చే నీలం కార్డు ఆమె అతని చేతిలో పెట్టింది. దానిమీద మచ్చ పడితే ఇల్లే కాదు, దేశమే ఖాళీ చెయ్యమంటారు.

"చప్పుడు చేసింది మీరేనా?"

"నేను."

ఆ మాట వచ్చింది ఎదురింటి గుమ్మంలోంచి. పెద్దావిడ నిలబడి ఉంది.

"మిషను కుట్టింది నేను. రాసుకోండి."

"అబద్ధం! చప్పుడు ఈ ఇంట్లోంచే వచ్చింది" అన్నాడు పెద్దమనిషి.

"నా చేతులు ఏం చేశాయో నాకంటే నీకే బాగా తెలుసా? కింద కూర్చుని నా ఇంటి చప్పుళ్ళు లెక్కపెట్టడమేనా నీ సెలవు?"

సెలవు రోజు డ్యూటీ పడ్డ పోలీసుకి ఈ గొడవ తేల్చే ఓపిక లేదు. కోడలి కార్డు తిరిగిచ్చేశాడు. ఆమె వైపు వీపు తిప్పి, ఎదురింటి గుమ్మంలో నిలబడి పెద్దావిడ వివరాలు రాసుకున్నాడు. ముగ్గురూ మెట్లు దిగిపోయారు. పెద్దమనిషి సణుగుడు కిందిదాకా వినిపించింది.

కోడలు ఆ గుమ్మం దగ్గరికి వెళ్ళింది. వచ్చిన నాలుగు ముక్కలూ కూడబలుక్కుంది.

"పొద్దున మీరొచ్చింది..."

"కిందాయన పోలీసులకి ఫోను చేస్తున్నాడు, నిన్ను కిటికీ వేసుకోమని చెప్పడానికొచ్చాను" ఈసారి ఆవిడ నెమ్మదిగా చెప్పింది. "నువ్వేమో రెండోది కూడా తెరిచావు."

కోడలు తల దించుకుంది.

"మరి నా తప్పు మీరెందుకు మీదేసుకున్నారు?"

"తప్పా? బతకడానికి పని చేసుకోవడం తప్పని ఎవరు చెప్పారే నీకు?"

"అది కాదు... పోన్లెండి, మీరు ఇక్కడివాళ్ళు. మిమ్మల్ని పొమ్మనేవాళ్ళెవరు?"

ఆవిడ మొహంలో మొదటిసారి గంటు వీడింది.

"ఇన్నేళ్ళూ ప్రతి సెలవుకీ నోరు కుట్టేసుకుని కూర్చున్నాను. ఇవాళ నీ మిషను వింటే, ఇంకెందుకు అనిపించింది. వెళ్ళు. ఆ మిగిలింది కుట్టెయ్. వాళ్ళు మళ్ళీ వస్తే మళ్ళీ నేనేనంటాను."

ఆవిడ తలుపు దగ్గరగా లాగింది. అది మొహం మీద మూసుకునే లోపల, తలుపు పట్టుకున్న ఆ వేళ్ళ మధ్య, అంచులరిగిపోయిన నీలం కార్డు కోడలి కంటపడింది.